లైకులకు నాణేలు: అవి నిజంగా డబ్బేనా?

బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మనకు ఒక సంగతి బాగా తెలుసు. ఊరు మారినప్పుడు సామాను లారీలో వస్తుంది, టీసీ నాన్నగారి సంచిలో వస్తుంది, స్నేహితులు మాత్రం ఫోనులో వస్తారు. రిసాలిలో ఉంటున్న మనం పాత ఊళ్లలో వదిలివచ్చిన మిత్రులతో ఇంకా కలిసి ఉన్నామంటే చాలావరకు ఆ చిన్న చిన్న వీడియోల వల్లే. అందుకే "మీరు వీడియోలు పెట్టండి, మేము క్రిప్టో నాణేలు ఇస్తాం" అని ఎవరైనా అంటే మన మనసు అటు లాగుతుంది.

ఆ నాణేలు ఎక్కడి నుంచి వస్తాయి? వాటికి విలువ ఎవరు కడతారు? పద్దెనిమిదేళ్లు నిండని మనం వాటిని తీసుకోవచ్చా? ఈ సంగతులు తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు. ఈ కథలో మన భిలాయికీ ఒక చోటు ఉంది.

డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది?

ముందుగా ఒక చిన్న ప్రశ్న. భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారి జీతం ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడ తయారైన పట్టాలను రైల్వే కొంటుంది. ప్లేట్లను మరొకరు కొంటారు. ఆ డబ్బులోంచే జీతాలు వస్తాయి. అంటే సరుకు కొన్నవారి జేబులోంచి డబ్బు బయలుదేరి మన ఇంటికి చేరుతుంది.

యూట్యూబ్‌లో కూడా దారి ఇలాంటిదే. సబ్బుల కంపెనీయో, ఫోన్ల కంపెనీయో ప్రకటనకు డబ్బు ఇస్తుంది. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం వీడియో చేసినవారికి అందుతుంది. దానికి కూడా షరతులు ఉన్నాయి. ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ గాని, తొంభై రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు గాని ఉండాలి. ఇక్కడ చేతికి వచ్చేది రూపాయలే, జమ అయ్యేది బ్యాంకు ఖాతాలోనే.

క్రిప్టో బహుమతిలో ఈ దారి మారిపోతుంది. ఎలా మారుతుందో చింగారి కథ చూస్తే తెలుస్తుంది.

భిలాయికి సంబంధం ఉన్న చింగారి

చింగారి అంటే హిందీలో నిప్పురవ్వ. 2018 నవంబరులో గూగుల్ ప్లే స్టోర్‌లోకి వచ్చిన చిన్న వీడియోల యాప్ ఇది. బెంగళూరులో బిశ్వాత్మ నాయక్, సిద్ధార్థ్ గౌతమ్ దీన్ని మొదలుపెట్టారు. తర్వాత దాని ఎదుగుదలలో ముఖ్యపాత్ర వహించిన సుమిత్ ఘోష్ భిలాయికి చెందినవారు. తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో ఈ యాప్ పనిచేసేది.

2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో పాటు మొత్తం 59 చైనా యాప్‌లను నిషేధించింది. దాంతో లక్షలాది మంది ఒక్కసారిగా కొత్త యాప్‌ల వైపు మళ్లారు. చింగారికి గిరాకీ అమాంతం పెరిగింది. అప్పటికే ఆ యాప్ వీడియోలకు వచ్చిన వీక్షణలను బట్టి పాయింట్లు ఇచ్చేది. ఆ పాయింట్లను డబ్బుగా మార్చుకునే వీలుండేది.

2021 అక్టోబరులో ఆ సంస్థ మరో అడుగు వేసి 'గారి' అనే సొంత క్రిప్టో నాణేన్ని ప్రకటించింది. పేరు వినగానే మనకు గారెలు గుర్తుకొస్తాయి కాని ఇది తినేది కాదు, కంటికి కనిపించేదీ కాదు. సినీ నటుడు సల్మాన్ ఖాన్ దానికి ప్రచారకర్త. సొలానా అనే బ్లాక్‌చెయిన్ మీద మొత్తం 100 కోట్ల నాణేలు ఉండేలా దాన్ని రూపొందించారు. 2022 జనవరి నుంచి అంతర్జాతీయ ఎక్స్‌చేంజీలలో కొనడం, అమ్మడం మొదలైంది. అదే ఏడాది జూలైలో ఒక్క రోజులోనే ఆ నాణెం తన విలువలో ఎక్కువ భాగం కోల్పోయింది.

వీడియోలు చేసినవారు ముందు రోజు ఎంత కష్టపడ్డారో ఆ రోజూ అంతే కష్టపడ్డారు. వాళ్ల ఖాతాలో నాణేల సంఖ్య కూడా తగ్గలేదు. తగ్గింది వాటి వెల మాత్రమే.

నాణెం విలువ ఎందుకు పడిపోతుంది?

ముందు బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటో చూద్దాం. మన తరగతి హాజరు పట్టీ ఒక్క టీచర్ దగ్గరే కాకుండా, తరగతిలో నలభై మంది దగ్గరా నకళ్లు ఉన్నాయనుకోండి. ఒకరు దొంగతనంగా తమ నకలు దిద్దినా మిగతావాటితో పోల్చగానే దొరికిపోతారు. ఎవరి దగ్గర ఎన్ని నాణేలు ఉన్నాయో ఇలా అనేక కంప్యూటర్లలో రాసి ఉంచే పద్దు పుస్తకమే బ్లాక్‌చెయిన్. పద్దు సరిగ్గా ఉందని అది చెబుతుంది. నాణెం విలువ ఎంత ఉండాలో మాత్రం చెప్పదు.

క్యాంటీన్ కూపన్‌తో పోల్చి చూడండి. పది రూపాయల కూపన్ ఇస్తే క్యాంటీన్‌లో సమోసా వస్తుంది. ఆ మాట క్యాంటీన్ ఇచ్చింది కాబట్టే కూపన్‌కు విలువ. ఇలాంటి క్రిప్టో నాణేనికి వెనుక సమోసా లేదు. రేపు ఇంకొకరు దాన్ని ఎంతకు కొంటారో అదే దాని వెల. కొనేవారు పెరిగితే వెల పెరుగుతుంది. అందరూ ఒకేసారి అమ్మడానికి వస్తే పడిపోతుంది. యూట్యూబ్‌లో ప్రకటన ఇచ్చినవారి జేబులోంచి డబ్బు వస్తే, ఇక్కడ ఎక్కువగా తర్వాత నాణెం కొన్నవారి జేబులోంచి వస్తుంది.

ఇది ఒక్క మన దేశపు అనుభవమే కాదు. 2016లో అమెరికాలో మొదలైన స్టీమిట్‌లో వ్యాసాలకు పాఠకులు వేసే ఓట్లను బట్టి స్టీమ్ నాణేలు ఇచ్చేవారు. అయితే అందరి ఓటూ సమానం కాదు. ఎవరి దగ్గర ఎక్కువ నాణేలు నిల్వ ఉంటే వారి ఓటుకు అంత బరువు. 2018 జనవరిలో ఒక స్టీమ్ వెల సుమారు 8 డాలర్లకు చేరింది. ఆ ఏడాది చివరికి అర డాలరు కూడా లేదు. 2020లో ఆ సంస్థను వేరొకరు కొన్నాక వాడేవారిలో చాలామంది విడిపోయి మార్చి 20న హైవ్ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు. రెడిట్ కూడా 2020లో ఇలాంటి పాయింట్లను మొదలుపెట్టి 2023లో ఆపేసింది.

మన చట్టం ఏమంటుంది?

మన దేశంలో క్రిప్టో నాణేలు చెల్లుబాటయ్యే కరెన్సీ కావు. రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన డిజిటల్ రూపాయి వేరు, ఇవి వేరు. ఆ రూపాయి వెనుక రిజర్వు బ్యాంకు ఉంది.

అలాగని ప్రభుత్వం వీటిని పట్టించుకోకుండా వదలలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి వీటి అమ్మకంలో వచ్చే లాభం మీద 30 శాతం పన్ను ఉంది. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలోంచి తీసివేయడానికి వీల్లేదు. ఒక లెక్క చూద్దాం. ఒక నాణెంలో 10,000 రూపాయలు లాభం, మరో నాణెంలో 10,000 రూపాయలు నష్టం వచ్చిందనుకోండి. మన లెక్కల్లో మిగిలింది సున్నా. పన్ను లెక్కలో మాత్రం 10,000 మీద 3,000 రూపాయలు కట్టాలి. సెస్సు అదనం.

ఇక మన వయసు సంగతి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదు. మన దేశంలోని క్రిప్టో ఎక్స్‌చేంజీలు పద్దెనిమిదేళ్లు నిండినవారికే ఖాతా ఇస్తాయి. అందుకని కొందరు పిల్లలు అమ్మానాన్నల పాన్, ఆధార్ ఫొటోలు వాళ్లకు చెప్పకుండా పెట్టేస్తుంటారు. అప్పుడు ఆ ఖాతాలో జరిగే ప్రతి లావాదేవీకి జవాబు చెప్పాల్సింది అమ్మానాన్నలే. ప్రభుత్వ ఉద్యోగులకు తమ ఆస్తులు, పెట్టుబడుల విషయంలో నియమాలు ఉంటాయని మరచిపోకూడదు.

గుర్తుంచుకోవలసినవి

టీసీ పోతే పాత బడికి దరఖాస్తు పెట్టి నకలు తెచ్చుకోవచ్చు. క్రిప్టో వాలెట్ రహస్య పదాలు పోతే నకలు ఇచ్చే ఆఫీసు ఎక్కడా లేదు. వాటిని ఇంకొకరికి చెబితే వాలెట్‌లోని నాణేలన్నీ వాళ్లవే. ఏ నిజమైన సంస్థా వాటిని అడగదు.

"మీ బహుమతి సిద్ధంగా ఉంది, విడుదల చేయడానికి ముందు కొంత ఫీజు పంపండి" అంటే అది మోసమే. బహుమతి ఇచ్చేవారు మన దగ్గర డబ్బు అడగరు. పొరపాటున పంపేస్తే దాచిపెట్టకుండా వెంటనే ఇంట్లో చెప్పాలి. సైబర్ మోసాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. తిడతారన్న భయంతో దాచిన ప్రతి గంటా మోసగాడికే లాభం.

ఇదంతా చదివి వీడియోలు చేయడం తప్పనుకోవద్దు. మాట్లాడడం, పాటపాడడం, కెమెరా పట్టడం, కూర్పు చేయడం అన్నీ విద్యలే. అవి ఏ ఊరికి బదిలీ అయినా మనతోనే వస్తాయి, వాటి వెల ఒక్క రాత్రిలో పడిపోదు. పాత ఊళ్లోని మిత్రుడి కోసం మైత్రీ బాగ్‌లో తీసిన వీడియోకు ఒక్క నాణెం కూడా రాకపోవచ్చు. దాన్ని చూసి అతడు ఫోన్ చేస్తే, ఆ వీడియో చేసిన పని చేసినట్టే.

ఎవరైనా నాణేలు ఇస్తామంటే మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: "ఈ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది?" సూటిగా జవాబు రాకపోతే ఆ నాణెం జోలికి వెళ్లకండి.