అభిమానుల ఉత్తరములు

లక్డారములోనైనను, లాస్ ఏంజెలిస్ నగరమునందైనను, మెచ్చిన కార్యక్రమము ఆగిపోవునన్న వార్త కలిగించు బెంగ ఒక్కటియే. ఆ బెంగవలన ఫలమేమైన నున్నదా?

అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ 1966 సెప్టెంబరు 8న ‘స్టార్ ట్రెక్’ అను వైజ్ఞానిక కల్పనా ధారావాహికను టెలివిజనులో ప్రారంభించెను. ప్రేక్షకులు తక్కువన్న లెక్కలవలన రెండవ యేటనే అది నిలిచిపోవునను వదంతి పుట్టెను. బీజో, జాన్ ట్రింబుల్ దంపతులు అభిమానులను కూడగట్టి ఉత్తరములు వ్రాయించిరి. ధారావాహిక కొనసాగునని 1968 మార్చి 1న ప్రసారము చివరనే సంస్థ ప్రకటించెను.

కాని శుక్రవారము రాత్రి పది గంటల వేళ దానికి దక్కెను, ఖర్చును తగ్గించిరి. 1969 జూన్ 3న 79వ భాగముతో అది ముగిసెను. అయినను ఆ మూడవ యేడు వ్యర్థము కాలేదు. పునఃప్రసారములకు చాలినన్ని భాగములు సమకూడుటచే, 1970 దశకమున అభిమానులు మునుపటికంటె పెరిగిరి.

ప్రసారకులమైన మేము ఉత్తరములను శ్రద్ధగా చదువుదుము. ఆగిన పిదప చింతించుటకంటె, నచ్చిననాడే ఒక కార్డు వ్రాయుడని శ్రోతలకు మా మనవి.