విశ్వాసవీరుల సాహసగాథలు: ఒంగోలు నేల చెప్పే కథ

దేవుణ్ణి నమ్మిన మనిషిని ప్రాణాపాయంలో నిలబెట్టి, ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూపేది క్రైస్తవ సాహస నవల. మామూలు సాహస నవలలో కథానాయకుడిని గట్టెక్కించేది కండబలమో, తెలివో, చేతిలోని ఆయుధమో. ఇక్కడ అవన్నీ ఉన్నా, ఏదో ఒక దశలో ఏవీ పనికిరాకుండా పోతాయి. అప్పుడు అతను ఏం చేస్తాడన్నదే కథకు ఆయువుపట్టు. అందుకే ఇలాంటి కథలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. ముందు ఒక పిలుపు, తర్వాత దూరప్రయాణం, ఆపైన వరసగా ఎదురుదెబ్బలు, అన్నిటికీ మించి ఒక పెద్ద పరీక్ష, చివరికి ఫలం.

ఈ సాహిత్యానికి మూడున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. 1678లో జాన్ బన్యన్ రాసిన 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' విశ్వాసి జీవితాన్ని ఆపదలతో నిండిన కాలినడక ప్రయాణంగా చెప్పింది. 1880లో లూ వాలెస్ 'బెన్‌హర్' రాశాడు. 1896లో పోలండ్ రచయిత సెంకీవిచ్ రాసిన 'కో వాడిస్' నీరో చక్రవర్తి కాలపు రోములో క్రైస్తవుల అగచాట్లను నవలగా మలిచింది. 1986లో ఫ్రాంక్ పెరెట్టి, 1995 నుంచి టిమ్ లహాయ్, జెర్రీ జెన్‌కిన్స్ రాసిన నవలలతో ఇది అమెరికాలో పూర్తిస్థాయి థ్రిల్లర్‌గా మారి కోట్లాది పాఠకులను సంపాదించుకుంది.

కల్పనతో పాటే మరో పాయ కూడా పారింది. అది మిషనరీల జీవితగాథ. 1857లో వెలువడిన లివింగ్‌స్టన్ ఆఫ్రికా యాత్రల పుస్తకం వేల ప్రతులు అమ్ముడయ్యాక, దూరదేశాల్లో తిరిగే విశ్వాసవీరుడి కథకు ఇంగ్లండ్, అమెరికా పాఠకులు బాగా అలవాటుపడ్డారు. ఆ పాఠకుల చేతికి చేరిన కథల్లో బలమైనవి కొన్ని నేటి గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పుట్టాయి. ఈ నేల కథలో పులులు, నిధులు, రహస్య ద్వీపాలు ఉండవు. ఇక్కడి ఆపదలు కరువు, కలరా, కులం, ఎండ. ఎదురయ్యే పరీక్ష, ఎవరి పక్కన నిలబడాలన్నది.

గుంటూరుకు వచ్చిన హయ్యర్

జర్మనీలో 1793లో పుట్టి అమెరికాకు వెళ్ళిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. అమెరికా లూథరన్ సంఘాలు విదేశాలకు పంపిన తొలి మిషనరీ ఆయనే. అప్పటికి ఆయన వయసు 49. గుంటూరు కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆయనను ఆదరించి, అక్కడే పని మొదలుపెట్టమన్నాడు. అంతకు పదేళ్ళ ముందే 1832-33 కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ఊళ్ళు పాడుపడి, జనం వలసపోయిన నేల అది.

తర్వాత హయ్యర్ పల్నాడులోని గురజాలకు మకాం మార్చాడు. కొంతకాలానికి అమెరికాకు తిరిగి వెళ్ళాడు. అంతటితో ఆయన కథ ముగిసిందనే అందరూ అనుకున్నారు. అయితే 1869లో తెలుగు నేల మీది లూథరన్ పని ఒకటి ఆగిపోయే స్థితికి వచ్చినప్పుడు, 76 ఏళ్ళ వయసులో తానే వెళ్తానంటూ ముందుకొచ్చి మళ్ళీ ఓడెక్కాడు. కల్పనలో ఇలా రాస్తే అతిశయోక్తి అనిపిస్తుంది. హయ్యర్ నాటిన పని నుంచి పెరిగినదే నేడు గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం.

ఒంటరి నక్షత్రం

అదే కాలంలో దక్షిణాన నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల పని మొదలైంది. 1836లో వచ్చిన శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా చేరినవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. దీన్ని మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో పదేపదే వచ్చింది. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఇదే ప్రశ్న మళ్ళీ లేచింది. పటంలో నెల్లూరు దగ్గర ఒకే ఒక్క నక్షత్రం గుర్తు ఉండటం చూసి ఒకరు దాన్ని ఒంటరి నక్షత్రమన్నారు. 'అమెరికా' అనే దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ స్మిత్ ఆ మాట మీదనే ఒక పద్యం కట్టాడు. ఆ పద్యం సభ మనసు మార్చిందని బాప్టిస్టు చరిత్రలు చెబుతాయి. నెల్లూరు మిషన్‌కు 'లోన్ స్టార్' అన్న పేరు అప్పటినుంచే స్థిరపడింది.

మరుసటి ఏడు, 1854 జనవరి 1 తెల్లవారుజామున, నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్ తన భార్యతోనూ ముగ్గురు తెలుగు విశ్వాసులతోనూ కలిసి ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించాడు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండగానే చెప్పుకుంటారు. ఆ ప్రార్థనకు జవాబు అనదగ్గ మనిషి ఒంగోలులో అడుగుపెట్టడానికి ఇంకా పన్నెండేళ్ళు పట్టింది.

క్లౌ దొర, ఎర్రగుంట్ల పేరయ్య

ఆ మనిషి జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలో మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ సర్వే బృందంతో తిరిగి భూమి కొలతలు నేర్చాడు. 1864 చివర్లో బయలుదేరి, మరుసటి ఏడు నెల్లూరు చేరి, 1866 సెప్టెంబరులో భార్య హ్యారియట్‌తో ఒంగోలుకు కాపురం మార్చాడు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోది. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

అయితే ఈ కథ క్లౌతో మొదలుకాలేదు. ఒంగోలుకు పశ్చిమాన తాళ్ళకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఉండేవాడు. తోలుపని కులవృత్తి. రాజయోగ గురువుల దగ్గర ఉపదేశం పొంది, తానే కొందరికి గురువైనవాడు. సత్యం కోసం వెతుకుతూ తిరిగిన ఆ మనిషి క్రీస్తు సంగతి విని, క్లౌ ఒంగోలు రాకముందే బాప్తిస్మం కోసం ముందుకొచ్చాడు. భార్య నాగమ్మ కూడా ఆ దారిలోనే నడిచింది. ఊరూరా తిరిగి తన బంధువులకు చెప్పినదీ, తోలు వ్యాపారానికి నడిచే దారుల వెంట కబురు మోసినదీ పేరయ్యే. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి అక్కడ జనం సిద్ధంగా ఉన్నారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సాహసకథల్లో పిలుపు అందుకునేవాడు ఎక్కువగా పరదేశి. ఒంగోలు కథలో ఆ పిలుపు ముందుగా వినబడినది ఊరి చివర వాడలో.

1867 తొలినాళ్ళలో క్లౌకు తొలి పరీక్ష వచ్చింది. ఒంగోలులోని అగ్రవర్ణాల వారు ఆయన బడికి పిల్లల్ని పంపుతూ, ఆయన మాటలు ఆదరంగా వింటున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము దూరమవుతామని స్పష్టంగా చెప్పారు. పలుకుబడి ఉన్నవారు ముందు వస్తే తక్కినవారు వాళ్ళ వెనకే వస్తారన్నది ఆనాడు చాలామంది మిషనరీల లెక్క. క్లౌ, హ్యారియట్ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారనీ, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం ఎదురైందనీ క్లౌ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. లోకం నీచంగా చూసేవారినే దేవుడు ఎన్నుకుంటాడన్నది ఆ భాగంలోని సారం. మాదిగలను కాదనకూడదని దంపతులు నిశ్చయించుకున్నారు. బడి దెబ్బతింది. క్లౌ జీవితంలోని నిజమైన మలుపు ఇదే.

ఆ నిర్ణయానికి పెద్ద మూల్యం చెల్లించింది మాత్రం పల్లెల్లోని కొత్త విశ్వాసులు. ఆదివారం పని మానడం, జాతరలో డప్పు కొట్టకపోవడం, చచ్చిన గొడ్డు మాంసం తినకపోవడం వాళ్ళకు నియమాలయ్యాయి. ఇవి మతం సంగతులుగా కనబడినా, ఊరి కట్టుబాట్లకూ వెట్టికీ ఎదురు తిరగడమే. కూలి మీదా ఆసామి దయ మీదా బతికే మనిషి ఆదివారం రానని చెప్పడానికి కావలసిన ధైర్యం, అడవిలో మృగాన్ని ఎదుర్కొనే ధైర్యానికి ఏమాత్రం తీసిపోదు.

ధాత కరువు, కాలువ పని

1876-78లో ధాత కరువు వచ్చింది. దక్షిణ దేశమంతటా లక్షల మంది ఆకలితోనూ కలరాతోనూ పోయారు. మద్రాసు ప్రభుత్వం కరువు పనిగా తీరం వెంట కాలువ తవ్వించింది. అప్పటి గవర్నరు పేరు మీద అది బకింగ్‌హామ్ కాలువ అయింది. సర్వే పని తెలిసిన క్లౌ అందులో మూడున్నర మైళ్ళ తవ్వకానికి కాంట్రాక్టు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర మకాం వేసి, తన బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టాడు. మిన్నెసోటాలో కుర్రవాడు నేర్చిన గొలుసు కొలతలు ఇరవై ఏళ్ళ తర్వాత తెలుగు తీరంలో వేలమందికి కూడు పెట్టాయి. కూలికి వచ్చినవారు తమ కులం వాడే మేస్త్రీగా ఉండటం, మర్యాదగా పలకరించడం, కూలి సరిగా చేతికి రావడం కళ్ళారా చూశారు.

ఇక్కడే మరో పరీక్ష ఎదురైంది. ఆకలితో ఉన్నవాళ్ళు బాప్తిస్మం అడగసాగారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని క్లౌ పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇప్పించలేదు. 1878 వానలతో కరువు తెరిపిచ్చి, సాయం పనులు ముగిశాకే ఒప్పుకున్నాడు. ఆ జులైలో ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లి దగ్గర జనం గుమిగూడారు. 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. 3వ తేదీన ఏటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ పొద్దుగూకేదాకా నీటిలో నిలబడ్డారు. క్లౌ ఆ రోజు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

ఈ సంఘటన మీద వాదాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. కరువు సాయమే ఇంతమందిని తెచ్చిందని కొందరన్నారు. సాయం ఆగిపోయిన తర్వాతే జనం వచ్చారన్నది క్లౌ జవాబు. కూడు, గౌరవం, దేవుడు అన్న మూడూ ఆ జనానికి విడివిడి సంగతులు కావు. వాటిని విడదీసి చూస్తే ఆ మూడు రోజులు అర్థం కావు.

పుస్తకాల్లో మిగిలిన గాథ

ఈ అనుభవం వెంటనే కథల రూపం తీసుకుంది. 1882లో క్లౌ 'ఫ్రమ్ డార్క్‌నెస్ టు లైట్' పేరుతో ఒక తెలుగు విశ్వాసి కథ రాశాడు. హ్యారియట్ మరణం తర్వాత ఆయన పెళ్ళాడిన ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో 'వైల్ సోయింగ్ శాండల్స్' తెచ్చింది. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పుస్తకం రాసిన పండితురాలు ఆమె. మాదిగల నోట విన్న అరుంధతి, మాతంగి కథలు, రాజయోగుల సంగతులు, పేరయ్య లాంటివారి జీవితాలు ఇందులో ఉన్నాయి. క్లౌ 1910లో మరణించాక, 1914లో ఆయన ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' ఎమ్మా చేతుల మీదుగా వెలువడింది.

ఈ పుస్తకాలు అమెరికాలో విరాళాలిచ్చే పాఠకుల కోసం రాసినవి. అందుకే తెలుగు దేశాన్ని చీకటిగానూ, వచ్చిన దొరను వెలుగుగానూ చూపే ధోరణి వాటిలో ఉంది. పాఠకుడు దాన్ని గమనించి చదవాలి. అయినా ఊరి చరిత్ర రాసినవారెవరూ పట్టించుకోని మాదిగవాడ మనుషుల పేర్లు, మాటలు, దారులు వాటిలోనే దొరుకుతాయి. ఈ పుస్తకాల విలువ అక్కడే ఉంది.

తెలుగు రచయితల చేతిలో విశ్వాసవీరుడు

ఇదే నేలను తెలుగు రచయితలు మరోలా చూశారు. గుంటూరు బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రాసిన 'మాలపల్లి' 1922లో వెలువడింది, ప్రభుత్వ నిషేధానికి గురైంది. అది క్రైస్తవ నవల కాదు. కానీ విశ్వాసవీరుడూ సాహసికుడూ ఒకే ఇంట్లో ఉన్న నవల. తండ్రి రామదాసు ఎన్ని దెబ్బలు తగిలినా భక్తినీ సహనాన్నీ వదలడు. కొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడన్న పేరుతో ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచుతాడు. సహించడం గొప్పా, ఎదిరించడం గొప్పా అన్న ప్రశ్నను ఉన్నవ ఆ ఇద్దరి మధ్య నిలిపాడు.

వినుకొండలో 1895లో యాదవ తండ్రికీ మాదిగ తల్లికీ పుట్టిన గుర్రం జాషువా క్రీస్తునే కథానాయకుడిగా తీసుకుని 'క్రీస్తు చరిత్ర' పద్యకావ్యం రాశాడు. దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఎమ్మా విని రాసుకున్న మాదిగవాడ తన సొంత మహాకవిని కన్నది. దొరల పుస్తకాల్లో కథావస్తువైన జనం జాషువాతో కథకులయ్యారు.

తెలుగులో క్రైస్తవ సాహస నవల రాయదలచినవారు రోముకో, అమెరికాకో వెళ్ళనక్కర్లేదు. పిలుపుకు తాళ్ళకొండపాడు ఉంది, ప్రయాణానికి గురజాల దారి ఉంది, ఎదురుదెబ్బకు ధాత కరువు ఉంది, ఫలానికి గుండ్లకమ్మ ఉంది. ఆ నవలకు కథానాయకుడు క్లౌ దొర ఒక్కడే కానక్కర్లేదు. ఆయనకంటే ముందే నడక మొదలుపెట్టిన పేరయ్య, భర్త వెంట నడిచిన నాగమ్మ, పొద్దుగూకేదాకా ఏటిలో నిలబడిన ఆరుగురు బోధకులు, ఆదివారం పనికి రానని ఆసామికి చెప్పిన పేరు తెలియని పాలేరు అందులో ప్రధాన పాత్రలు కావాలి. ఈ నేల మీద విశ్వాసానికి వచ్చిన ఆపదలను ఎక్కువగా మోసినవారు వాళ్ళే.