మెయిల్ వెనక్కి వస్తే ముందు ఏ టేబుల్ చూడాలి?

మన ఊరి పోస్ట్‌మాన్‌కి సగం అడ్రస్ రాసినా ఇల్లు కనుక్కుంటాడు. మెయిల్ సర్వర్‌కి ఆ తెలివి లేదు, టేబుల్‌లో రాసి ఉన్నదే చేస్తుంది. వీట్సే వెనెమా రాసి 1998లో విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్‌నే తీసుకుందాం. ఇప్పటికీ చాలా లినక్స్ సర్వర్లలో నడిచేది అదే.

మెయిల్ లోపలికొచ్చాక రెండు పనులు జరుగుతాయి. మొదటిది అడ్రస్ తిరగరాయడం. డొమైన్ లేకుండా ఉత్త 'రవి' అని ఉంటే, వెనకాల సర్వర్ తన డొమైన్ తగిలిస్తుంది. 'వర్చువల్ ఏలియస్' టేబుల్‌లో ఆ అడ్రస్ ఉంటే, దాని స్థానంలో అక్కడ రాసిన అడ్రస్ పెడుతుంది.

రెండోది డెలివరీ. డొమైన్ 'మైడెస్టినేషన్' లిస్టులో ఉంటే లోకల్ ఏజెంట్ చేతికి వెళ్తుంది. 'వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్స్'లో ఉంటే వర్చువల్ ఏజెంట్ చేతికి. ఒకే డొమైన్ రెండు లిస్టుల్లోనూ ఉండకూడదు.

అసలు తిరకాసు ఇక్కడే. ఈటీసీ ఫోల్డర్‌లోని 'ఏలియసెస్' ఫైల్ ప్రకారం మెయిల్ పంపేది లోకల్ ఏజెంట్ ఒక్కటే. వర్చువల్ ఏజెంట్ దాని మొహం కూడా చూడదు.

మా క్లబ్‌కి రచనలు పంపే అడ్రస్‌కి సరిగ్గా ఇదే జరిగింది. ఏలియసెస్ ఫైల్‌లో లైన్ ఉంది, 'న్యూఏలియసెస్' కమాండ్ కూడా రన్ చేసి ఉంది. అయినా మెయిల్స్ 550 ఎర్రర్‌తో వెనక్కి పోతున్నాయి. ఒక జూనియర్ అయితే, తన కవిత మాకు నచ్చక తిప్పి పంపామనుకుని ఇంక రాయడమే మానేద్దామనుకుంది!

లాగ్ తీసి చూస్తే 'యూజర్ అన్‌నోన్ ఇన్ వర్చువల్ మెయిల్‌బాక్స్ టేబుల్' అని ఉంది. మనకు కావాల్సిన క్లూ ఆ ఆఖరి మాటల్లోనే ఉంది. 'లోకల్ రెసిపియెంట్ టేబుల్' అని ఉంటే లోకల్ వైపు వెతకాలి. ఇక్కడ వర్చువల్ అంది కాబట్టి ఏలియసెస్ ఫైల్‌ని ఎన్నిసార్లు దిద్దినా లాభం లేదు.

అందుకే ఆ లైన్‌ని వర్చువల్ ఏలియస్ ఫైల్‌లో రాశాను. ఇక్కడ ఎడమవైపు డొమైన్‌తో సహా పూర్తి అడ్రస్ ఉండాలి, మధ్యలో కోలన్ పెట్టకూడదు. తర్వాత 'పోస్ట్‌మ్యాప్' రన్ చేయాలి, లేకపోతే సర్వర్ పాత టేబుల్‌నే చదువుతూ ఉంటుంది. అదే కమాండ్‌కి మైనస్ క్యూ జోడించి అడ్రస్ అడిగితే, ఎవరికి వెళ్తుందో చెప్పాలి. ఏమీ రాకపోతే టేబుల్‌లో లేనట్టే.

ఆ సాయంత్రమే జూనియర్‌కి ఫోన్ చేసి మళ్ళీ పంపమన్నాం. ఈసారి కవిత ఎడిటర్ ఇన్‌బాక్స్‌కి చేరింది. నచ్చిందా లేదా అన్నది ఇక ఎడిటర్ చెప్పాలి, సర్వర్ కాదు.