ముక్కుకీ ‘ఎస్‌ఎన్’కీ చుట్టరికం

మా అమ్మాయి ఐదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆరులో ఇంగ్లీషు మీడియంలో వేశాం. రెండు నెలలు తిరిగేసరికి ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల మూగనోము పట్టింది. ఒకరోజు బడికెళ్లే వేళకి కడుపునొప్పి అంది. మర్నాడు తలనొప్పి. మూడోరోజు అసలు సంగతి బయటపడింది. డిక్టేషన్‌లో 20కి 4 వచ్చాయట. ‘రాంగ్’ అనే మాటకి ముందు డబ్ల్యూ రాయలేదట. "రాంగ్‌నే రాంగ్‌గా రాసింది" అని క్లాసంతా నవ్వారట.

"నాకు రాదమ్మా, నన్ను పాత బడికే పంపెయ్" అని ఏడ్చింది.

నా గుండె కలుక్కుమంది. నేనూ తెలుగు మీడియమే మరి! ఇంటర్‌లో రోజుకి పది మాటలు బట్టీ పట్టి, వారం తిరక్కుండానే మర్చిపోయినదాన్ని. అప్పట్లో మా లెక్చరర్ గారు చెప్పిన చిట్కా గుర్తొచ్చింది.

ఆ రాత్రి నోటుబుక్కులో ఒక ముక్కు బొమ్మ గీసి, పక్కన ఎస్, ఎన్ అని రాశాను. ఈ రెండక్షరాలతో మొదలయ్యే మాటలు చాలావాటికి ముక్కుతో పని. స్నీజ్ అంటే తుమ్ము. స్నోర్ అంటే గురక. స్నిఫ్ అంటే వాసన చూడటం. స్నౌట్ అంటే పంది ముట్టె లాంటిది. స్నఫ్ అంటే ముక్కుపొడి.

"తాతయ్య పీల్చేవాడే, అదా!" అని పకపకా నవ్వింది. పుస్తకం ముందు అది నవ్వి ఎన్నాళ్లయిందో!

ఇక దాన్ని ఏడిపించిన డబ్ల్యూ పని పట్టాం. తడి తువ్వాలు తెచ్చి పిండించాను. అలా పిండడం రింగ్. ఉంగరం రింగ్ కాదు, దీనికి ముందు డబ్ల్యూ ఉంటుంది. పిండేటప్పుడు తిరిగే మణికట్టు రిస్ట్. తువ్వాలులో పడ్డ ముడత రింకిల్. వానపాములా మెలికలు తిరగడం రిగిల్. నట్టు తిప్పే పానా రెంచ్. అన్నిటికీ ముందు డబ్ల్యూ, పక్కనే ఆర్. అన్నిట్లోనూ ఏదో ఒక మెలిక. రాంగ్ అనే మాటకి కూడా మొదట్లో ‘వంకర’ అనే అర్థమే.

"వంకరలో ‘వ’ ఉందిగా, అదే డబ్ల్యూ!" అంది మా పిల్ల. ఆ కిటుకు నాకూ తట్టలేదు సుమండీ.

ఇది ఇవాళ పుట్టిన చిట్కా కాదు. లెక్కల్లో అనంతానికి గుర్తు పెట్టిన జాన్ వాలిస్, 1653లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలోనే ఈ డబ్ల్యూఆర్ మెలిక గురించి చెప్పాడు. లాహోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా పనిచేసి వెళ్లిన జె.ఆర్. ఫిర్త్, 1930లో ఇలాంటి అక్షరాల జట్లకి ‘ఫొనెస్థీమ్’ అని పేరు పెట్టాడు.

తుమ్ము కథ ఇంకా తమాషా. పాత ఇంగ్లీషులో ఆ మాట ఎఫ్‌ఎన్‌తో మొదలయ్యేది. ఆ జంట వాడుకలోంచి పోయాక, వచ్చి ఈ ముక్కు కుటుంబంలో చేరిపోయింది!

అలాగని ప్రతిచోటా ఈ లెక్క కుదరదు. స్నేక్‌కీ, స్నోకీ ముక్కుతో పనిలేదు. గ్లో, గ్లిట్టర్, గ్లీమ్ అన్నీ మెరుపులే గానీ, గ్లవ్ మెరవదు. అందుకే కొత్త మాట ఎదురైతే అక్షరాలు చూసి ఊహించమనండి, ఆ తర్వాత డిక్షనరీ తీయించండి. ఈ పద్ధతి గుర్తుపెట్టుకోవడానికి సాయమే గానీ, అర్థానికి పూచీ కాదు.

గ్లిట్టర్ దగ్గరే మా అమ్మాయి ఆగి, "మనకీ ఉన్నాయి కదమ్మా! మెరుపు, మిణుగురు, మిలమిల, మిరుమిట్లు..." అంది. నాకు కళ్లు చెమర్చాయి. తెలుగు మీడియంలో చదవడం వల్లే వెనకబడ్డానని ఇన్నాళ్లూ కుమిలిన పిల్ల, ఆ తెలుగుతోనే ఇంగ్లీషు తలుపు తీసుకుంది.

తర్వాతి డిక్టేషన్‌లో 20కి 11 వచ్చాయి. గొప్ప మార్కులేం కాదు. కానీ మర్నాడు కడుపునొప్పి అనలేదు. తనే ముందు లేచి జడ వేయమని కూర్చుంది.

మీ ఇంట్లోనూ ఇలా బెంగపడే పిల్లలుంటే, వంద మాటల జాబితా పక్కన పెట్టి, ఇవాళ రాత్రికి ఒక ముక్కు బొమ్మతో మొదలుపెట్టి చూడండి.