పెట్టెలో ఉన్న పాత చీర

"పాత జరీ చీరలు కొంటాం" అనే కేక మీ వీధిలో వినబడితే, అమ్మగారి పెట్టె తెరిచేముందు కాస్త ఆగండి.

అలా అమ్మిన చీరను మరెవరూ కట్టుకోరు. దానిని కాల్చి, జరీ కరిగించి, వెండి తీస్తారు. పాతకాలపు అసలు జరీ అంటే పట్టుదారానికి సన్నని వెండి తీగ చుట్టి, బంగారు పూత పూసినది. కొనేవాడు తూచేది ఆ వెండినే. నేతకు వెల కట్టడు.

పిఠాపురంవారికి ఇది దూరపు సంగతి కాదు. దగ్గరలోనే, సముద్రపుటొడ్డున ఉన్న ఉప్పాడ జాందానీ నేతను పిఠాపురం, వెంకటగిరి, బొబ్బిలి సంస్థానాలవారు ఆదరించారు. ఒక్కొక్క పువ్వుకు వేరే పోగును చేతితో అమర్చుతూ నేస్తారు గనుక పువ్వు రెండు వైపులా ఒకేలా కనబడుతుంది. కొన్ని చీరలకు నెలలు పడుతుంది. 2009లో ఈ నేతకు భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే ఆ గుర్తింపు మన పెట్టెలోని చీరను కాపాడదు.

దొర్కా చనిపోయినప్పుడు యొప్పేలోని విధవరాండ్రు పేతురుకు ఆమె కుట్టిన వస్త్రాలే చూపించారు (అపొ. కా. 9). ఎవరు కుట్టారో వారికి తెలుసు. మన చీర ఎవరు నేశారో, ఏ పెండ్లికి కొన్నారో మనలో ఎందరికి తెలుసు?

చీరను ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి. ఏడాదికి రెండు మూడుసార్లు మడత మార్చండి; లేకుంటే మడతలోనే పట్టు చిరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. చీర ఎవరిదో, ఏ సంవత్సరానిదో కాగితంమీద వ్రాసి దానితోపాటు ఉంచండి. అమ్మమ్మగారు ఉంటే ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెనే అడగండి.