ఇంటర్నెట్ ఎక్కడ ఆగింది?

పిల్లలూ! మైలవరంలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉన్నదనుకోండి. ఎనిమిదో తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష నెగ్గింది. ఏడాదికి 12,000 రూపాయల ఉపకారవేతనం అందాలంటే జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు నింపాలి. గడువు ఈ రాత్రితో సరి. తీరా లాప్‌టాప్ తెరిస్తే ఇంటర్నెట్ లేదంటున్నది! ఏం చేయాలి?

ముందు చేయకూడని పని చెబుతాను. రూటరుకున్న సన్నని రంధ్రంలో పిన్ను గుచ్చకండి. లోపల ఉండేది రీసెట్ మీట. దాన్ని నొక్కి పట్టుకుంటే కేబుల్ ఆపరేటరు అమర్చిన వివరాలన్నీ చెరిగిపోతాయి.

డెల్టాలో రైతు తన పొలానికి నీరు రాకపోతే ఏం చేస్తాడు? పక్క పొలం చూస్తాడు. అక్కడ నీరుంటే అడ్డు తన మడవ దగ్గరే ఉన్నది. అక్కడా లేకపోతే పైన కాలువలోనే ఏదో లోపం. మనమూ అదే చేద్దాం.

మన పక్క పొలం ఇంట్లోని సెల్‌ఫోను. అందులో మొబైల్ డేటా ఆపి, వైఫై మాత్రం ఉంచి చూడండి.

ఫోనులోనూ రాలేదా? అయితే రూటరు దీపాలు చూడండి. ఎల్.ఓ.ఎస్. అన్నచోట ఎర్రదీపం వెలిగితే బయటినుంచి వెలుగు రావడం లేదన్నమాట. వెలుగేమిటంటారా? ఫైబరు తీగ లోపల వెంట్రుకవంటి గాజుపోగు ఉంటుంది. వార్తలన్నీ అందులో కాంతిగానే ప్రయాణం చేస్తాయి. 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తీగలను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. గాలివానకు కొమ్మ విరిగి పడితే అటువంటి తీగ తెగవచ్చు. అప్పుడు ఆపరేటరుకు కబురు చేయాలి. తెగిన కొనలోకి మాత్రం తొంగి చూడకండి. ఆ కాంతి కంటికి కనపడదు గాని, కంటికి హాని చేయగలదు.

ఎర్రదీపం లేకపోతే రూటరుకు కరెంటు తీసి, అర నిమిషం ఆగి, మళ్లీ పెట్టండి. అయిదు నిమిషాలు ఓపిక పట్టండి.

ఫోనులో వస్తున్నదా? అయితే తప్పు లాప్‌టాప్ వైపున ఉన్నది. ఏరోప్లేన్ మోడ్ పడిందేమో చూడండి. తరువాత వైఫై పేరును తొలగించి, పాస్‌వర్డు మళ్లీ కొట్టండి. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు తేడా పడకూడదు. అసలు పేరే కనపడకపోతే లాప్‌టాప్‌ను రూటరు దగ్గరకు తీసుకుపోండి. రూటరు పంపేవి రేడియో తరంగాలు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది 6 సెంటీమీటర్లు. పొట్టి తరంగం గోడలు దాటేసరికి ఎక్కువ నీరసిస్తుంది. పాత లాప్‌టాప్‌లు కొన్ని దాన్ని అందుకోనే లేవు. వాటికి 2.4 ఎంచుకోవాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగూ కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

గడువు దగ్గర పడితే మరమ్మతు తరువాత చూసుకోవచ్చు. పెద్దల ఫోనులో హాట్‌స్పాట్ పెట్టించుకుని ముందు దరఖాస్తు పంపేయండి.

ఈ రోజే ఒక పని చేస్తారా? ఇంటర్నెట్ చక్కగా వస్తున్నప్పుడు మీ రూటరు మీద ఏ దీపం ఏ రంగులో ఉన్నదో కాగితం మీద రాసి, పక్క గోడకు అంటించండి. చెడిన రోజున తేడా ఇట్టే తెలిసిపోతుంది.