ఊరు మారినా తోడుండేది

"నాన్నగారికి బదిలీ అయింది." మనలో ఈ మాట వినని వారు తక్కువ. 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలైందే బదిలీల వల్ల పిల్లల చదువు దెబ్బతినకూడదని. కాబట్టి ఊరు మారినా పాఠాలు అవే. స్నేహితులు, ఆడుకున్న మైదానం మాత్రం వెనకే ఉండిపోతాయి. మరి మనసుకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో ఉగాండా వెళ్ళారు. భర్త ఉద్యోగం వల్లే ఆమె కూడా ఊరు మారారు! అక్కడి పల్లెల్లో 26 కుటుంబాల తల్లీబిడ్డలను ఇళ్ళకు వెళ్ళి గమనించారు. పాకే పసిబిడ్డ అమ్మను వదిలి కొంత దూరం వెళ్తుంది. వెనక్కి తిరిగి చూస్తుంది. అమ్మ కనబడితే ఇంకాస్త ముందుకు వెళ్తుంది. భయం వేస్తే అమ్మ దగ్గరికే వస్తుంది. బిడ్డ ఏడుపును, చూపును అర్థం చేసుకొని స్పందించే తల్లి ఉంటే ఆ బిడ్డ ధైర్యంగా కొత్తవి చూడగలుగుతుందని ఆమె గ్రహించారు.

పక్కన ఉంటే చాలదా? చాలదు. 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ ఒక ప్రయోగం చేశారు. తల్లి బిడ్డ ఎదుటే కూర్చొని, కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ చూపకుండా ఉండాలి. బిడ్డ నవ్వింది, చేతులు చాచింది, చివరికి ముఖం తిప్పుకొని దిగులుపడింది. ఫోను చూస్తూ మనం "ఊఁ" అన్నప్పుడు ఎదుటివారికి ఎలా ఉంటుందో ఊహించండి.

బదిలీ రోజుల్లో అమ్మానాన్నలకు సామాను సర్దడం, టి.సి. తేవడం, గ్యాసు మార్పించడం వంటి పనులెన్నో. కొత్త బడికి వెళ్ళే రోజు తమ్ముడు "కడుపునొప్పి" అంటాడు. "ఏం కాదు, పద" అంటే నోరు మూసుకుంటాడు. "పాత బడి గుర్తొస్తోందా?" అని పక్కన కూర్చొని అడిగితే అసలు మాట బయటికి వస్తుంది. బదిలీ ఆగదు. కానీ వాడు ఒంటరి కాడు.

పెద్దలు ఒక్కోసారి విసుక్కుంటారు. తర్వాత దగ్గరికి తీసుకొని మాట్లాడితే ఆ గాయం మానుతుంది. మనం కూడా "ఏం లేదు" అని దాచుకోకుండా, "నాన్నా, పది నిమిషాలు నా మాట వింటారా?" అని అడగవచ్చు. అలాగే తమ్ముడో చెల్లెలో మాట్లాడుతుంటే మన చేతిలోని ఫోను కూడా పక్కన పెడదాం.